వండేవాడు ఎవరి వైపు?

విదురాశ్వత్థం తేరు నాడు ఎండ ఎట్లుంటుందో మన తాలూకా వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈసారి రైలు దిగి గుడిదాకా నడిచాను. గుడి ముందు ఫర్లాంగు దూరంలో పానకం పందిరి పక్కన మజ్జిగ పందిరి, దాని పక్కన మళ్లీ పానకం. ఒక లోటా తాగేలోపే పక్క పందిరి కుర్రాడు ఇంకో లోటా చేతికి అందిస్తున్నాడు. సగం తిని పారేసిన కోసంబరి దొన్నెలు కాళ్లకు తగులుతున్నాయి. స్టేషన్ నుంచి వచ్చే దారిలో మాత్రం చుక్క నీళ్లు లేవు. చంకన బిడ్డతో ఒకావిడ చెట్టుకింద కూలబడి, "గుడి ఇంకా ఎంత దూరమన్నా?" అని అడిగింది. పందిళ్లు వేసినవాళ్లంతా మంచివాళ్లే, చేతి డబ్బు పెట్టుకుని చేసేవాళ్లే. వేసేముందు ఒకరితో ఒకరు ఒక్క మాట అనుకోలేదు, అంతే. నాకు చాలా కోపం వచ్చింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పట్టు తెలుసు. సాయం చేసే చేతులు ఎన్నున్నా లెక్క పుస్తకం ఒకటే ఉండాలి, పెత్తనం ఒకరికే ఉండాలి. వరదలప్పుడు ఇదే రాశాను. లాక్‌డౌన్‌లో బియ్యం కిట్లు ఒకే వీధికి మళ్లీ మళ్లీ వచ్చి, వెనక వీధికి ఒక్కటీ రానప్పుడు కూడా ఇదే రాశాను. తేరు చూసి ఇంటికొచ్చి టీవీలో యుద్ధం వార్తలు చూస్తుంటే ఆ ఆలోచన మళ్లీ లేచింది. జాతరలోనే ఇట్లుంటే, బాంబులు పడే చోట సాయానికి వచ్చే వందల సంస్థలను ఎవరు దారిలో పెడతారు?

దారిలో పెట్టకపోతే ఏమవుతుందో 1994లో రువాండా సరిహద్దు పక్కనున్న గోమా పట్టణంలో తెలిసింది. రువాండా నుంచి కొద్ది రోజుల్లోనే ఎనిమిది లక్షల పైచిలుకు జనం సరిహద్దు దాటి అక్కడికి చేరారు. అదంతా లావా రాతి నేల. మరుగుదొడ్డికి గొయ్యి తవ్వాలన్నా, శవాన్ని పూడ్చాలన్నా పార దిగదు. కలరా వచ్చింది. మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది పోయారని అంచనా. సంస్థలు వందకు పైగా దిగాయి. వాటిలో కొన్ని ఆరితేరినవి, కొన్నిటికి జెండా ఉందిగానీ పని తెలియదు. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు అందాలని సాయం సంస్థలు కలిసి 'స్ఫియర్' ప్రమాణాలు రాసుకున్నది ఆ తర్వాతే. 2005లో ఐక్యరాజ్యసమితి పనులు పంచింది: నీళ్ల విషయం యునిసెఫ్ చూడాలి, వైద్యం డబ్ల్యూహెచ్‌ఓ చూడాలి, సరుకు రవాణా ప్రపంచ ఆహార కార్యక్రమం చూడాలి. వాళ్లు కూర్చునే గుడారంలో ఒక బల్ల, ఒక పటం ఉంటాయి. ఏ సంస్థ, ఏ పని, ఏ ఊళ్లో చేస్తోందో రాసుకున్న పట్టీ ఉంటుంది. ఖాళీగా మిగిలిన గడి కనబడితే అక్కడికి ఎవరు పోతారని అడుగుతారు. స్టేషన్ దారిలో లేనిది ఆ ఖాళీ గడిని చూసే కన్నే.

ఇక్కడిదాకా నా పట్టు గట్టిగానే ఉంది. దానికి తోడు మా అవ్వ చెప్పిన ఉడుపి రాజు కథ ఉండనే ఉంది. వ్యాసుడి భారతంలో లేకపోయినా మన కర్ణాటకలో అందరి నోటా ఉన్న కథ. కురుక్షేత్రానికి సేనతో పోయిన ఉడుపి రాజు ఏ పక్షానా పోరాడలేక, రెండు సేనలకూ వండి పెడతానని కృష్ణుణ్ణి అడిగాడట. పద్దెనిమిది రోజులు వండాడు. రోజూ వేలమంది పడిపోతున్నా ఒక్క పూటా అన్నం మిగల్లేదు, తక్కువా కాలేదు. "ఒకే వంటశాల, ఒకే గరిట, చూశావా!" అని అవ్వ మురిసిపోయేది. నేనూ ఏళ్ల తరబడి ఈ కథను ఒకే గరిటకు సాక్ష్యంగానే చెబుతూ వచ్చాను.

కానీ ఈ వారం మనవాళ్ల బర్మా నడక గురించి మళ్లీ చదివాను. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1931 జనాభా లెక్కల ప్రకారం ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసేవాళ్లు, వీధులు ఊడ్చేవాళ్లు, రిక్షా లాగేవాళ్లలో విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల తెలుగువాళ్లు వేలల్లో ఉండేవారు. బాంబులు పడగానే మూటాముల్లె నెత్తిన పెట్టుకుని ప్రోమ్ దారి పట్టారు. కూలీ లేకపోతే రేవు నడవదని సర్కారు చాలామందిని నచ్చజెప్పి, అడ్డగించి వెనక్కి తెచ్చింది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతిలో పడేసరికి సముద్రం దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది కొండలు, అడవి. తాంగుప్ కనుమ దాటి అక్యాబ్ వైపు, తమూ మీదుగా ఇంఫాల్, దిమాపూర్ వైపు, ఆ తర్వాత వానల్లో హుకాంగ్ లోయ గుండా లెడో వైపు నడిచారు. నడిచినవాళ్లు నాలుగైదు లక్షలు. కలరాతో, మలేరియాతో, ఆకలితో పోయినవాళ్ల లెక్క పదివేలు అంటారు, యాభై వేలు అంటారు, అంతకు మించీ అంటారు. కూలీ చచ్చిపోతే రాసిపెట్టే చిట్టా ఎవరిదగ్గరా లేదు.

ఆ నడకలో పెత్తనం ఒకరిదే. దారి ఎవరికి తెరవాలి, లారీ ఎవరికి ఇవ్వాలి, విమానంలో చోటు ఎవరికి, అన్నీ యుద్ధం చేస్తున్న సర్కారే తేల్చింది. తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు ఒక దారి అన్న మాట దేశమంతా మారుమోగింది. ఆ వేసవిలో అలహాబాద్‌లో కూడిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఈ వివక్షను ఖండించింది.

ఇవతల అస్సాంలో ఎదురొచ్చింది తేయాకు తోటల వాళ్లు. సర్కారు అడిగిన పనే అయినా కూలీలు, వంటపాత్రలు, నడిపిన పద్ధతి ఇండియన్ టీ అసోసియేషన్‌వి. దారి పొడవునా పాకలు వేసి, అన్నం వండి, వేడి టీ పోశారు. గైల్స్ మాక్‌రెల్ అనే తోటల మనిషి వానాకాలంలో పొంగిన నదిలోకి ఏనుగులను దింపి, చౌకాన్ కనుమ వైపు చిక్కుకున్నవాళ్లను ఒడ్డుకు చేర్చాడు. గంజాం, విశాఖల నుంచి వలసపోయిన కుటుంబాలు అస్సాం తోటల్లో అప్పటికే ఉన్నాయి. ఆ పాకల్లో ఒకరి మాట ఒకరికి తెలిసి, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగినవాళ్లు ఉండే ఉంటారని నా మనసు అంటుంది.

అంటే మనుషులను బతికించింది ఒకే పెత్తనం మాత్రం కాదు. దాని పక్కన నిలబడిన వేరే చేతులు. ఉడుపి రాజు కథలోనూ అవ్వ, నేను గరిటనే చూశాం. రెండు పక్షాలకూ దూరంగా నిలిచాకే ఆయన చేతికి గరిట వచ్చింది. అదే గరిట దుర్యోధనుడి చేతిలో ఉంటే పాండవుల శిబిరంలో పొయ్యి వెలిగేదా?

గాజాలో 2025 మే నెలాఖరున జరిగింది చూడండి. అంతకుముందు ఐక్యరాజ్యసమితి, దాని తోటి సంస్థలు సుమారు 400 చోట్ల తిండి పంచేవి. దానికి బదులు అమెరికా, ఇజ్రాయెల్ అండతో వచ్చిన ఒక కొత్త సంస్థ నాలుగు కేంద్రాలు తెరిచింది. చూడటానికి నేను ఏళ్లుగా అడిగినట్టే ఉంది: ఒకే చేయి, ఒకే పద్ధతి. ఇందులో నిష్పాక్షికత లేదని ఐక్యరాజ్యసమితి చేరలేదు. ఆ కేంద్రాల చుట్టుపక్కల తిండికోసం వచ్చి వందల మంది చనిపోయారని దాని మానవహక్కుల కార్యాలయం లెక్కకట్టింది. ఆకలిగొన్నవాడు సైన్యం గీసిన గీత దాటి, మైళ్లు నడిచి గింజల దగ్గరికి రావాల్సి వచ్చింది. ఆ నాలుగు చోట్లు ఎక్కడుండాలన్నది యుద్ధంలో ఒక పక్షం అనుమతి మీద ఆధారపడింది.

కాబట్టి నా పాత వాదనలో పుస్తకం నిలుస్తుంది, పెత్తనం నిలవదు. పుస్తకంలోనైనా ఏం రాయాలో గోమానే చెబుతుంది. అక్కడ బియ్యం, నూనె పంచే పేర్ల పట్టీలు శిబిరాల నాయకుల చేతిలో ఉండేవి. వాళ్లలో చాలామంది రువాండాలో నరమేధం నడిపినవాళ్లే. తలల లెక్క పెంచి చూపి, మిగిలిన సరుకుతో తమ బలగాన్ని మేపుకున్నారు. ఆ నాయకుల ఇలాంటి పెత్తనాన్ని భరించలేక 1994 చివర్లో వైద్య సాయం సంస్థ ఎమ్మెస్సెఫ్ ఫ్రాన్స్ శాఖ ఆ శిబిరాలు విడిచి వెళ్లింది. అందుకే ఊరి పేరు, సరుకు, తేదీ, తెచ్చిన సంస్థ, ఈ నాలుగూ అందరూ చూసే పుస్తకంలో ఉండాలి. తినేవాళ్ల పేర్లు మాత్రం వడ్డించే సంస్థ దగ్గరే ఉండాలి. తుపాకీ పట్టినవాడు ఎవడు అడిగినా ఇవ్వకూడదు.