వదిలేసిన చేప బతికినట్టేనా?

నీలగిరి ఏళ్ళలోకి బ్రిటిష్ వారు తెచ్చి వదిలిన రెయిన్‌బో ట్రౌట్ గురించి మీరు వినే ఉంటారు. ఆ జాతి సొంత ఊరు ఉత్తర అమెరికా పసిఫిక్ తీరం. అక్కడ వీటిలో కొన్ని నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ నదికి వస్తాయి. వాటినే స్టీల్‌హెడ్ అంటారు. పసిఫిక్ సాల్మన్‌లు ఒకసారి గుడ్లు పెట్టి చనిపోతాయి. స్టీల్‌హెడ్‌లలో కొన్ని మాత్రం సముద్రానికి వెళ్ళి, మరో ఏడు తిరిగి రాగలవు. అందుకే గుడ్లు పెట్టిన తల్లి చేప కూడా విలువైనదే.

దీన్ని గాలంతో పట్టడం అక్కడ ఖరీదైన సరదా. రుసుము తీసుకుని, పడవ నడిపి, చేప ఉండే చోటు చూపించేవాడు గైడు. హేచరీ చేపలను గుర్తు పట్టడానికి వాటి వీపు మీది చిన్న కొవ్వు రెక్కను ముందే కత్తిరిస్తారు. ఆ రెక్క ఉన్నది సహజంగా పుట్టిన చేప, పట్టినా వదిలేయాలి. "వదిలేస్తున్నాం కదా, ఇక నష్టమేమిటి?" అని గైడ్లు అడుగుతారు.

ఈ వాదనలో లెక్క తప్పింది. వాషింగ్టన్ రాష్ట్రంలో, వదిలిన చేపల్లో 10 శాతం చనిపోతాయని అంచనా కడతారు. తక్కువే అనిపిస్తుంది. కాని కొత్తవాడు రోజంతా గాలం వేసినా ఒక్కటీ తగలకపోవచ్చు. గైడు నేర్పంతా ఆ సంఖ్యను పెంచడంలోనే ఉంది. ఒక ఋతువులో 500 సార్లు గాలం తగిలితే 50 చేపలు పోయినట్టే. పైగా, ఒకే చేప రెండు మూడుసార్లు తగలవచ్చు.

2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖ తీరనదుల్లో పడవలోంచి చేపలు పట్టడాన్ని, ఎర వాడడాన్ని నిషేధించింది. పడవ చేరలేని మడుగుల్లో చేపకు కాస్త నీడ దొరుకుతుందని దాని ఆలోచన. పడవే జీవనాధారమైన గైడ్లు అభ్యంతరం చెప్పారు. వారి బాధ నిజమైనదే. ఆనకట్టలు కట్టిందీ, అడవులు నరికిందీ వారు కాదు. అయితే ఎల్వా నదిపై రెండు ఆనకట్టలు తొలగించాలని 1992లో చట్టం వస్తే, పని ముగిసేసరికి 2014 అయింది. "ఇవాళ్టికి రెండు చాలు, ఒడ్డుకు పోదాం" అనడానికి గైడుకు ఏ చట్టమూ అక్కర్లేదు. ఫొటో కోసం చేపను పైకెత్తవద్దని చెప్పడానికీ అంతే. నీటి బయట దాని మొప్పలు పనిచేయవు. పడవలో ఆ సంగతి బాగా తెలిసినవాడు గైడు ఒక్కడే.