వియర్డ్ అంటే వింత కాదు: ‘మాక్బెత్’లో ఒక పాత మాట

3.1 ప్రవేశిక

ఆంగ్ల నాటకం చదివేటప్పుడు తెలియని మాట ఎదురైతే నిఘంటువు చూస్తాం. కాబట్టి అసలు చిక్కు తెలియని మాటతో రాదు, తెలుసనుకున్న మాటతో వస్తుంది. షేక్‌స్పియర్ భాషలో ‘వేర్‌ఫోర్’ అంటే ‘ఎందుకు’ అని అర్థం. ఇది తెలియని పాఠకుడు, మేడమీది జూలియట్ రోమియో ఎక్కడున్నాడని వెతుకుతున్నదనుకుంటాడు. నిజానికి ఆమె బాధ వేరు. తాను ప్రేమించినవాడు పగవారి ఇంటి పేరు గల రోమియో ఎందుకయ్యాడని ఆమె వాపోతున్నది. ఒక్క మాటను పొరబడితే ఆ రంగం సారమే మారిపోతుంది.

3.2 అర్థ విపరిణామం

భాషాశాస్త్ర పాఠాల్లో మీరు చదివిన అర్థ విపరిణామ సూత్రాలు ఇక్కడ పనికివస్తాయి. తెలుగులో ‘చీర’ ఒకప్పుడు వస్త్రమాత్రానికి పేరు. ఇప్పుడు స్త్రీలు కట్టుకునే వస్త్రానికే పరిమితమైంది. ఆంగ్లంలో ‘మీట్’ కూడా ఒకప్పుడు ఆహారమాత్రానికి చెల్లి, తరవాత మాంసానికి పరిమితమైంది. ఇది అర్థసంకోచం. వేదం చదివిన ‘ఛాందసుడు’ లోకజ్ఞానం లేనివాడైనట్లే, ‘ధన్యుడు’ అనే అర్థం గల ‘సిల్లీ’ మొదట అమాయకుడికి, ఆ తరవాత తెలివితక్కువవాడికి వాడుకైంది. ఇది అర్థాపకర్ష.

3.3 ‘వియర్డ్’ కథ

సుమారు 1606 నాటి ‘మాక్బెత్’లో జోస్యం చెప్పే ముగ్గురు స్త్రీలను రంగసూచనలు మంత్రగత్తెలంటాయి. మాక్బెత్, బాంకోలు మాత్రం వారిని ‘వియర్డ్’ సోదరీమణులంటారు. నేటి ఆంగ్లంలో ‘వియర్డ్’ అంటే వింతైన, విడ్డూరమైన అని అర్థం. ఈ వాడుక 19వ శతాబ్దిలో స్థిరపడింది. ప్రాచీన ఆంగ్లంలో ‘వుర్డ్’ అనే నామవాచకానికి ‘విధి’ అని అర్థం. షేక్‌స్పియర్‌కు కథను అందించిన హోలిన్షెడ్ చరిత్ర గ్రంథం కూడా వీరు విధి దేవతలు కావచ్చునంటుంది.

ఇంకొక చిక్కు ఉంది. 1623 నాటి మొదటి ఫోలియోలో ఈ మాట ‘వియర్డ్’ అనే వర్ణక్రమంతో ఎక్కడా లేదు. కొన్నిచోట్ల ‘వేవర్డ్’ అనీ, కొన్నిచోట్ల ‘వేయర్డ్’ అనీ ఉంది. ‘వేవర్డ్’కు దారికి రాని, మొండి అని అర్థం. 18వ శతాబ్దిలో పరిష్కర్త థియోబాల్డ్ దీనిని ‘వియర్డ్’గా సవరించాడు. హోలిన్షెడ్ ఆధారం ఉన్నందున ఆ సవరణ సమంజసమే. అయినా మనం చదువుతున్న పాఠం వెనుక ఒక పరిష్కర్త నిర్ణయం ఉన్నదని గుర్తుంచుకోవాలి.

3.4 విమర్శ

‘వింత’ అనే అర్థం తీసుకుంటే ఆ ముగ్గురూ భయపెట్టే ముసలమ్మలుగా మిగిలిపోతారు. ‘విధి’ అనే అర్థం తీసుకుంటే నాటకంలోని ప్రధాన ప్రశ్న ఎదురవుతుంది: డంకన్ హత్య విధి చేయించిందా, మాక్బెత్ చేశాడా?

పాత అర్థం తెలిసిన పాఠకుడు ఇక్కడ తొందరపడి ‘అంతా విధిరాత’ అని తేల్చే ప్రమాదం ఉంది. నాటకం అందుకు ఒప్పుకోదు. చంపమని ఆ స్త్రీలు మాక్బెత్‌కు చెప్పలేదు. రాజవుతావని మాత్రమే చెప్పారు. అదృష్టమే ఉంటే తన ప్రయత్నం లేకుండానే కిరీటం దక్కవచ్చునని అతడే ఒకచోట అనుకుంటాడు కూడా. బాంకోకూ జోస్యం చెప్పారు, అతని వంశంవారు రాజులవుతారని. అతడు దానికోసం కత్తి పట్టలేదు.

మరొక నిదర్శనం ఇంకా బలమైనది. తనకు అనుకూలమైన జోస్యాన్ని నమ్మిన మాక్బెత్, బాంకో వంశానికి అనుకూలమైన జోస్యాన్ని మాత్రం వమ్ము చేయాలని బాంకోనూ, అతని కొడుకునూ చంపడానికి మనుషులను పంపుతాడు. ఆ సందర్భంలో విధినే బరిలోకి దిగమని సవాలు చేస్తాడు. సగం విధిని నమ్మి సగం విధిని ఎదిరించేవాడు విధికి కీలుబొమ్మ కాడు. అది అతడు తెలిసి చేసిన ఎంపిక.

ప్రాచీన ఆంగ్లపు ‘వుర్డ్’, సంస్కృత ‘వృత్’ ధాతువు ఒకే మూలం నుంచి వచ్చినవని భాషాశాస్త్రం చెబుతుంది. మనం వాడే ‘పరివర్తన’, ‘ప్రవర్తన’ ఆ ధాతువు నుంచి పుట్టినవే. దీన్నిబట్టి నాటకానికి అర్థం చెప్పకూడదు. వ్యుత్పత్తి సాక్ష్యం కాదు. కాని విధికీ ప్రవర్తనకూ మధ్య ఉన్న పెనుగులాటే ఈ నాటకమని గుర్తుపెట్టుకోవడానికి ఇది మీకు పనికివస్తుంది.

3.5 సారాంశం

పాత మాటకు ఆనాటి అర్థం తెలుసుకోవడం విమర్శకు తొలి మెట్టు మాత్రమే. ఆ అర్థం పాత్రల మాటల్లో, చేతల్లో ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించాలి. నిఘంటువు ‘వియర్డ్’ అంటే విధి అని చెబుతుంది. మాక్బెత్ దోషి అవునో కాదో నాటకమే చెప్పాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ‘చీర’, ‘మీట్’ అనే మాటల్లో కనిపించే అర్థ విపరిణామం ఏది?
2. మొదటి ఫోలియోలోని ‘వేవర్డ్’ను అలాగే ఉంచితే ఆ ముగ్గురు స్త్రీల పాత్రచిత్రణ ఎలా మారుతుంది?
3. మాక్బెత్, బాంకోలు జోస్యాన్ని స్వీకరించిన తీరును పోల్చి, మాక్బెత్ పతనానికి విధి ఎంతవరకు కారణమో చర్చించండి.