అచ్చు అతికిన మూడు రోజులు

మొన్న అమ్మ ఫోన్ చేసి, "పడుగు అయిపోవచ్చింది బిడ్డా, ఆదివారం అచ్చు అతకాలె. వస్తవా?" అని అడిగింది. వస్తానన్నాను. హైదరాబాదులో పొద్దున బయల్దేరితే చౌటుప్పల్ మీదుగా మా పుట్టపాకలో చాయ్ వేళకు దిగొచ్చు. అంత తేలిగ్గా "వస్తా" అనగలగడం నాకింకా కొత్తగానే ఉంది. ఏడున్నరేళ్ళపాటు ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

అచ్చు అతకడమంటే ఏమిటో నేత ఇళ్ళ బయట తెలిసినవాళ్ళు తక్కువ. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, నేసి పూర్తయ్యాక దాని కొసల్ని ఊడదీసి పారెయ్యరు. ఒక్కో పోగునూ దారపు కళ్ళలోంచి తీసి, దువ్వెన లాంటి అచ్చు పళ్ళ సందుల్లోంచి దూర్చి మగ్గాన్ని సిద్ధం చేసి ఉంటారు. మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాలంటే చాలా పని. అందుకే పాత పడుగులో జానెడు దారాన్ని అచ్చులోనే ఉంచేస్తారు. కొత్త పడుగు తెచ్చి దాని వెనక పరుస్తారు. పాత పోగు కొసకు కొత్త పోగు కొసను కలుపుతారు. మా మగ్గం మీద చీర వెడల్పుకు నాలుగు వేల పోగులకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. ఒక్కటి కూడా వరస తప్పకూడదు.

ముడి వెయ్యరు. ముడి పడితే పళ్ళ సందులో ఇరుక్కుని పోగు తెగిపోతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద అద్దుకుని, రెండు కొసల్నీ జంటగా పట్టి ఒక మెలి తిప్పి, దాన్ని పక్కకు వాల్చి దారం వెంటే ఇంకో మెలి. మరీ వదులైతే జారిపోతుంది, మరీ గట్టిగా తిప్పితే పోగు నలిగిపోతుంది. మా దగ్గర ఇది ఎక్కువగా ఆడవాళ్ళ పని. మా ఇంట్లో నాయినమ్మ పని. పిడకల బూడిదను సన్నబట్టలో జల్లించి కొబ్బరి చిప్పలో పోసుకుని కూర్చునేది. పొద్దుటి నుంచి మాపటి దాకా ఆ వేళ్ళు ఒకే వేగంతో కదలడం చూస్తూ నేను ఎక్కాలు నేర్చుకున్నాను.

2016 ఆగస్టులో స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీకి అమెరికా వెళ్ళాను. రెండేళ్ళకోసారి వచ్చిపోదామనే అనుకున్నాను. 2018లో టికెట్టుకు దాచిన డబ్బులు ఇంట్లో పట్టు అప్పుకు పంపాను. 2020 మేలో రావడానికి టికెట్టు కొన్నాను. మార్చి 23 నుంచి మన దేశానికి విమానాలు ఆగిపోయాయి. ఆ తర్వాతి సంవత్సరం వీసా ముద్ర గడువు దాటింది. ఇది చదువుకునే పిల్లలున్న ఇళ్ళకు బాగా తెలిసిన చిక్కు. ముద్ర ఐదేళ్ళకు వేస్తారు, పీహెచ్‌డీ అంతకంటే సాగుతుంది. గడువు దాటినా అక్కడ చదువుకోవచ్చు. కానీ ఇంటికొస్తే కొత్త ముద్ర పడితేనే తిరిగి వెళ్ళనిస్తారు. పడకపోతే అన్నేళ్ళ పని అక్కడే ఆగిపోతుంది. ఆ భయంతో ఆగిపోయినవాళ్ళలో నేనొకదాన్ని. 2021 మేలో నాయినమ్మ పోయింది. కట్టెల మీద ఆమె ముఖం ఫోన్‌లో చూశాను. సిగ్నల్ సరిగ్గా లేక బొమ్మ మధ్యమధ్య ఆగిపోయింది.

అన్నేళ్ళూ మేం మాట్లాడుకున్నాం. ఇక్కడ పొద్దున ఏడైతే అక్కడ చలికాలంలో ముందు రోజు రాత్రి ఏడున్నర. దాదాపు రోజూ ఆ వేళకే. నాయిన ఎప్పుడూ మగ్గం ముందే కూర్చుని మాట్లాడేవాడు. వెనక అచ్చు కనిపించేది. పని నడుస్తోందని నేను నిమ్మళంగా ఉండేదాన్ని.

2024లో శివరాత్రికి వారం ముందు, చదువు ముగించుకుని వచ్చేశాను. శంషాబాదు నుంచి ఔటర్ మీద పెద్ద అంబర్‌పేట దాకా, అక్కడి నుంచి విజయవాడ రోడ్డు. నాయిన ముందు సీట్లో కూర్చుని దారి పొడవునా ఏది కొత్తగా కట్టారో చెబుతూ వచ్చాడు. నావైపు తిరిగి చూసినప్పుడల్లా కళ్ళు తుడుచుకుని మళ్ళీ ముందుకు తిరిగేవాడు.

ఇల్లు చేరాక అర్థమైంది. మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఎత్తి చూస్తే అచ్చులో జానెడు దారం, దాని మీద దుమ్ము. 2020 ఏప్రిల్‌లో ఆగిన మగ్గం అది. నేసిన చీరలు కొనేవాళ్ళు లేక ఇంట్లోనే పేరుకున్నప్పుడు ఆపేశారు. తర్వాత నాయిన చౌటుప్పల్ దగ్గర ఒక కంపెనీకి రాత్రి కాపలాకు పోయాడు. పొద్దున ఇంటికొచ్చి, స్నానం చేసి, ఫోన్ పట్టుకుని మగ్గం ముందు కూర్చునేవాడు. నాతో మాట్లాడ్డం కోసం.

"మరి కొసలు తీసెయ్యలేదేం నాయినా?" అంటే, "చెయ్యి రాలే" అన్నాడు.

మొదటి నాలుగు రోజులు ఇంట్లో నేను చుట్టాన్ని. నా కోసం నీళ్ళ క్యాన్ కొన్నారు. నన్ను మంచం మీద పడుకోబెట్టి వాళ్ళు కింద పడుకున్నారు. కూరలో కారం తగ్గించారు. ఎవరొచ్చినా కుర్చీ తెచ్చి నన్ను కూర్చోమనేవాళ్ళు. ప్రేమే, అందులో అనుమానం లేదు. కానీ నేను లేచి గిన్నెలు తోమబోతే అమ్మ నా చేతిలోంచి లాక్కునేది. రాత్రులు నిద్ర పట్టక, ఇది నా ఇల్లే కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. చాలా ఏళ్ళకు తిరిగొచ్చిన పిల్లలకు విందు పెట్టకపోయినా ఫరవాలేదు, ఏదో ఒక పని చేతిలో పెట్టాలని ఆ నాలుగు రోజుల నుంచీ నా గట్టి నమ్మకం. పని చేస్తున్న మనిషిని ఎవరూ చుట్టంలా చూడలేరు.

ఐదో రోజు నాయిన మాస్టర్ వీవర్ దగ్గర్నుంచి ఏడు చీరల పడుగు తెచ్చాడు. నేను తిరిగొచ్చాక కాపలా మానేసి మగ్గం ఎక్కుతానని ముందే మాట్లాడుకున్నాడట. పడుగు సాదాది, దారాన్ని కట్టి రంగులో ముంచే చిటికి పనంతా పేకలో, అంటే అడ్డదారంలో. అమ్మ నావైపు చూడకుండానే, "నాయినమ్మ లేదు కద. ఇద్దరం కూసోవాలె" అంది. అటక మీంచి కొబ్బరి చిప్ప దించింది.

మొదటి రోజు నా వేళ్ళు మాట వినలేదు. పది పోగులు కలిపితే నాలుగు జారిపోయేవి. "గట్టిగ పిసుకకు, పోగుకు నొప్పైతది" అంది అమ్మ. నాలుగేళ్ళు దుమ్ములో ఉన్న పాత కొసలు పెళుసెక్కి ఉన్నాయి. వాటిని తడిచేత్తో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు అందుకోవాలి. నేను ఒక చివర నుంచి, అమ్మ ఇంకో చివర నుంచి మొదలుపెట్టాం. మా ఇద్దరి చూపులూ దారాల మీదే. మాటలు మొదలైంది అక్కడే.

ఏడున్నరేళ్ళ ఫోన్లలో మేమిద్దరం ఎదురెదురుగా, ముఖం నిండా వెలుగు పడేలా కూర్చుని మాట్లాడుకున్నాం. అట్లా ఎదురుగా ముఖం పెట్టుకుని కష్టం చెప్పలేం. చేతులు పనిలో ఉండి, కళ్ళు పోగు మీద ఉన్నప్పుడు చెప్పగలిగాం. పుస్తెలతాడు ఏ నెలలో కుదవ పెట్టిందో, ఎప్పుడు విడిపించిందో అమ్మ చెప్పింది. నాయినమ్మ చివరి రోజుల్లో నన్ను పిలుస్తూ మా చిన్నత్త చెయ్యి పట్టుకునేదని చెప్పింది. 2017లో క్వాలిఫైయింగ్ పరీక్ష ఒకసారి తప్పానని, రెండోసారి తప్పితే పంపించేస్తారని ఆరు నెలలు ఎవరికీ చెప్పకుండా తిరిగానని నేను చెప్పాను. అమ్మ వేళ్ళు ఆగలేదు. కాసేపటికి, "తిన్నవా మరి అప్పుడు?" అని అడిగింది.

ఆ 2017లోనే మన ఆలేరు దిక్కు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశంకు పద్మశ్రీ వచ్చింది. ఒక చీరకు ఆసు పోయాలంటే, అంటే చిటికి కట్టే ముందు పేక దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే, చెయ్యి సుమారు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1999లో ఆయన ఆసు యంత్రం చేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. పరీక్ష తప్పిన ఆ రోజుల్లో నేను ఆ వార్త నా గదిలో నలుగురికీ చదివి వినిపించాను. వాళ్ళకు ఆసు అంటే చూపించడానికి గాలిలో చెయ్యి ఊపి ఊపి చూపించాను. అది చెబితే అమ్మ తన భుజం తడుముకుంది. ఆ యంత్రం మా ఇంటికి రాకముందు, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ, ఆ భుజానికి రాత్రిళ్ళు వేడి ఇసుక మూట కాపడం పెట్టేదాన్ని.

ఇంకో సంగతి చెప్పాను. అక్కడొక దుకాణంలో మన చిటికి నమూనా ఉన్న దిండు గలీబు చూసి గుండె ఝల్లుమందని. "వెనక తిప్పి చూసినవా?" అంది అమ్మ. చూశాను, వెనక వెలిసిపోయి ఉంది. అచ్చు గుద్దిన బట్ట. దారాన్ని సైకిల్ ట్యూబ్ ముక్కలతో కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసిన బట్టకు రెండు వైపులా దాదాపు ఒకే అందం ఉంటుంది. పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఊళ్ళో నేసే తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. ఇకత్ అన్నది మలయ్, ఇండోనేషియా వైపు మాట, కట్టడమని అర్థం. మా ఇంట్లో చిటికి అనే అంటాం. అమ్మకు ఈ గుర్తింపుల సంగతి అంతగా పట్టదు. బట్ట చేతికిస్తే ముందు వెనక్కి తిప్పుతుంది.

మూడో రోజు మాపటికి నా వరస, అమ్మ వరస మధ్యలో కలిశాయి. చివరి పోగు నన్నే కలపమంది.

తర్వాతి పనికి ఊపిరి బిగబట్టాలి. నాయిన మగ్గం గుంతలోకి దిగి, నేసిన బట్ట చుట్టుకునే ముందు దోనెను మెల్లగా తిప్పుతాడు. మెలికలన్నీ వరసగా కళ్ళు దాటాలి, పళ్ళు దాటాలి. దాటిన అతుకులు చీరలోకి రావు. నేత వాటి అవతల కొత్త దారం మీద మొదలవుతుంది. మూడు రోజులు కూర్చుని కలిపిన నాలుగు వేల మెలికల్లో ఒక్కటి కూడా కట్టుకునేవాళ్ళ కంటపడదు. చిన్నప్పుడు నాకది అన్యాయంగా అనిపించేది. ఆ రోజు అట్లా అనిపించలేదు. నేనొచ్చిన మొదటి రోజులు, ఆ మొహమాటాలు, నీళ్ళ క్యాన్, మంచం, ఇవన్నీ దాటుకుని పోతే చాలు, వాటిని దాచుకోనక్కర్లేదనిపించింది.

నాయిన తిప్పుతున్నాడు. అమ్మ అచ్చు మీదికి వంగి చూస్తోంది. ఎక్కడో చిన్నగా టప్‌మంది. మళ్ళీ ఇంకోటి.

"ఎన్ని తెగినయి?" నాయిన కిందినుంచి అడిగాడు.

"పదకొండు."

"అందులో నావెన్ని?" అన్నాను.

అమ్మ చెప్పలేదు. తెగిన కొసను వెతికి పట్టి నా వేళ్ళ మధ్య పెట్టి, బూడిద చిప్ప నావైపు జరిపింది.