పూత కొమ్మను వదిలేసి

నూజివీడు మామిడి అనగానే అందరికీ వేసవే గుర్తొస్తుంది. బుట్టల్లో బంగినపల్లి, మోచేతుల దాకా కారే చిన్నరసం, జాడీల్లో ఆవకాయ. జూన్ దాటాక ఆ తోటల వంక చూసేవాళ్ళు తక్కువ. మా ఇళ్ళల్లో మాత్రం మామిడి చెట్టుకు రెండో హంగామా అప్పుడే మొదలవుతుంది. భాద్రపదంలో వినాయక చవితి మొదలు ఆశ్వయుజం చివర దీపావళి దాకా కాయ ఉండదు, పని ఆకుతోనే.

2022 ఏప్రిల్‌లో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు తోటల్లో మామిడి మండ కోసే పద్ధతి మాత్రం మారలేదు. మారకూడదు కూడా. ఎందుకో మా అమ్మమ్మ ఒక్క ముక్కలో చెప్పింది. దసరా ముందురోజు పొద్దున్నే నేను చెట్టెక్కి, చేతికందిన కొమ్మ చివర విరిచాను. కింద నుంచి అరిచింది: “ఒరేయ్, చివర్లు తుంచమాక! పూత పోద్ది.”

అదేదో శకునం మాట అనుకున్నాను. కాదు, వ్యవసాయం. మామిడికి పూత వచ్చేది కొమ్మ చివరే. కోతలైపోయాక వానలకు చెట్టు కొత్తగా చిగురిస్తుంది. ఆ చిగురు రాగి రంగు వదిలి, పచ్చబడి, కొన్ని నెలలు ముదిరితేనే డిసెంబరు, జనవరి చలికి మొగ్గ కడుతుంది. సరిగ్గా ఆ మధ్యలోనే మన పండగలన్నీ వస్తాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో చివరి కొమ్మ విరిచి తోరణం కట్టినవాడు వచ్చే ఏటి కాయను ముందే గుమ్మానికి వేలాడదీసినట్టు.

అందుకే తెలిసినవాళ్ళు చెట్టు లోపలికి దూరతారు. ఎండ తగలక, గుబురులో నలిగే కొమ్మలు పెద్దగా కాయవు. వాటిని తీస్తే చెట్టుకు గాలీ వెలుతురూ తగులుతాయి. కోత తర్వాత రైతు చేసే కత్తిరింపులో పోయేవి కూడా ఇలాంటివే. తోరణానికి కావలసిన ఆకు దొరికేదీ అక్కడే. ముదురాకుకు పైన మైనంలాంటి పొర ఉంటుంది కాబట్టి నీరు త్వరగా ఆరిపోదు, ఎండినా తాడునుంచి రాలిపోదు. చూడ్డానికి ఎంత ముద్దొచ్చినా లేత చిగురు పనికిరాదు, పూజ అయ్యేలోపే వాలిపోతుంది.

కొన్ని ఆకుల మీద మసి పూసినట్టు నల్లటి పొర ఉంటుంది. తేనెమంచు పురుగు విసర్జించే తీపి జిగురు మీద పెరిగే బూజు అది. తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు వదులుతుంది. తుంచిన తొడిమ నుంచి కారే సొనతో మాత్రం జాగ్రత్త. మామిడిదీ జీడిమామిడిదీ ఒకటే కుటుంబం, ఆ సొన కొందరి చర్మాన్ని పొక్కిస్తుంది. మండను కాసేపు తలకిందులుగా పెట్టి, సొన కారిపోయాక కూర్చుంటే హాయిగా పని చేసుకోవచ్చు.

కట్టడం తేలికే. పురికొస గుమ్మం వెడల్పుకంటే జానెడు ఎక్కువ తీసుకోవాలి. తొడిమ వైపు ఆకును తాడు మీదుగా వెనక్కి మడిచి, చీపురుపుల్ల ముక్కతో రెండు పొరలూ కలిపి గుచ్చాలి. మెరిసే వైపు వీధికి, ఈనెలు తేలిన వైపు ఇంట్లోకి. ఇప్పుడు అందరూ స్టాప్లర్ కొడుతున్నారు. నేనూ కొట్టాను, నిజం చెప్పాలి కదా. ఎండిన తోరణాన్ని ఎరువుగుంటలో వేయబోతే ఆ పిన్నులన్నీ ఏరాల్సి వచ్చింది. చీపురుపుల్లకు ఆ బెడద లేదు.

తోరణం చెయ్యి తిరగడానికి ఒక సాయంత్రం చాలు. పాలవెల్లి అలా కాదు. పాలవెల్లి అంటే పాలసముద్రం. చవితినాడు వినాయకుడి తలపైన, నాలుగు మూలలా తాళ్ళు కట్టి వేలాడదీసే చట్రానికి ఆ పేరు పెట్టినవాళ్ళ ఊహకు దండం పెట్టాలి. వెదురు బద్దలో, సన్నటి చెక్కలో నిలువుగా అడ్డంగా పేర్చి కట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడతారు. ఏడాదంతా అటక మీద ఉండి, ఆ ఒక్క రోజు కిందికి దిగుతుంది.

దాన్ని నింపడానికి చేలగట్లూ చెట్లూ తిరగాలి. వెలక్కాయ, మారేడుకాయ, సీతాఫలం, వాక్కాయల గుత్తి, జామ, మొక్కజొన్న పొత్తు, చెరువులో దిగగలిగితే కలువలు. కాయను ఒట్టిగా తెంపితే తాడు కట్టడానికి పట్టు ఉండదు, అందుకని తొడిమతో, వీలైతే బెత్తెడు పుల్లతో సహా కోయాలి. మొక్కజొన్నకు పైపొట్టు వెనక్కి ఒలిచి, ఆ పొట్టునే జడలా మెలేసి ముడివేస్తారు. సీతాఫలం పచ్చిదే కావాలి. పండితే కథ మధ్యలో దేవుడి నెత్తిన పడుతుంది. మా ఇంట్లో ఒకసారి పడింది కూడా.

అసలు నేర్పు బరువు పంచడంలో ఉంది. వెలక్కాయ బరువు వెలక్కాయే తూగాలి. ఒక మూల ఒకటి కడితే ఎదుటి మూలా ఒకటి కట్టాలి, లేదంటే పాలసముద్రం ఒక పక్కకు ఒరుగుతుంది. పెద్దకాయలు మూలలకు, గుత్తులు మధ్య కూడళ్ళకు, మామిడాకులు అంచుల చుట్టూ. కింద పీట మీద పెట్టే ఇరవై ఒక్క పత్రిలోనూ మామిడి ఉంది. అక్కడ దాని పేరు చూతపత్రం. గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, వావిలి, జమ్మి దాని తోటివే. వాటికోసం తిరిగిన పిల్లాడికి ఊరి చుట్టూ ఏ మొక్క ఎక్కడుందో తెలిసిపోతుంది. బజారులో కట్టగా కొన్న పత్రిలో ఏ ఆకు ఏదో కొన్నవాడికీ తెలియదు, ఒక్కోసారి అమ్మినవాడికీ తెలియదు.

దసరాకు బంతిపూలు తోడవుతాయి. ఆయుధపూజ నాడు ట్రాక్టరు, ఆటో, మందు కొట్టే పంపు కూడా మామిడాకు కట్టుకుంటాయి. వరి చేతికొచ్చే రోజుల్లో కంకులతో కుచ్చు అల్లి వసారాలో కడతారు. కంకి పూర్తిగా ఎండకముందే కాడతో కోసి అల్లాలి. మరీ ఎండితే కాడ విరుగుతుంది, గింజ రాలుతుంది. అది అలంకారమూ, పిచ్చుకలకు మేతా. ఇంగ్లండులో కూడా పూర్వం కోతల చివర గోధుమ కంకులతో బొమ్మలల్లి ఇంట్లో దాచుకునేవారు.

మామిడి తోరణం ఇంట్లో గాలిని శుద్ధి చేస్తుందని ఫోన్లలో తిరిగే మాట మాత్రం నేను చెప్పను. చెట్టునుంచి తుంచిన పాతిక ఆకులతో ఇంటి గాలి మారదు. ఆ సాకు లేకుండానే అది అందంగా ఉంటుంది. ప్లాస్టిక్ తోరణం ఏళ్ళ తరబడి అదే పచ్చగా ఉంటుంది కాబట్టి పండగ వచ్చిందో వెళ్ళిందో గుమ్మం చెప్పదు. మామిడాకు నాలుగు రోజులకు ముదురు పచ్చ, వారానికి గోధుమ రంగు, ఆ తర్వాత గలగల.

ఈ దసరాకు తోట ఉన్నవాళ్ళను అడగండి, నాలుగు మండలకు కాదనేవాళ్ళు మా వైపు అరుదు. కత్తెర మీరే పట్టుకెళ్ళండి, చెట్టు లోపలికి దూరండి, కొమ్మ చివరల జోలికి పోకండి.