దిగిపోయే హక్కు

'సండర్‌లాండ్ టిల్ ఐ డై' మొదటి ఎపిసోడ్‌లోనే ఒక చర్చి సీను ఉంటుంది. ఫాదర్ గారు ఊరి ఫుట్‌బాల్ జట్టు బాగుండాలని అందరితో ప్రార్థన చేయిస్తుంటారు. మన సినిమాల్లో ఇలాంటి సీను పెడితే నవ్వించడానికే పెడతారు. ఇక్కడ ఎవరూ నవ్వరు. అప్పటికే ఆ జట్టు ప్రీమియర్ లీగ్‌లో ఆఖరి స్థానంలో నిలిచి కింది డివిజన్‌కి పడిపోయింది.

ఈ సిరీస్ తీసినవాళ్ళు సండర్‌లాండ్ అభిమానులే. వాళ్ళ లెక్క ప్రకారం ఇది తిరిగి లేచే కథ కావాలి. 2017-18 సీజన్ మొదలవుతుంటే కెమెరాలు పట్టుకుని దిగారు. జట్టు లేవలేదు సరికదా, రెండో డివిజన్‌లో కూడా ఆఖరున నిలిచి మూడో డివిజన్‌కి జారింది. 2018 ఏప్రిల్‌లో బర్టన్ ఆల్బియన్‌తో సొంత మైదానంలో మ్యాచ్. మొదట గోల్ కొట్టింది సండర్‌లాండే. 86వ నిమిషంలో స్కోరు సమం చేసింది డారెన్ బెంట్. ఒకప్పుడు ఈ జట్టుకే గోల్స్ కొట్టిన మనిషి. ఆ తర్వాత ఇంజురీ టైంలో ఇంకోటి. అంతే, అయిపోయింది. స్క్రిప్ట్ రాసుకుని ఉంటే బెంట్ ముక్కని "మరీ ఓవర్ అయింది" అని కొట్టేసేవాళ్ళం.

ఆట తెలియనివాళ్ళకి ఒక్క మాట. ఇంగ్లండ్‌లో డివిజన్లు మెట్ల లాంటివి. ఏటా కిందనుంచి కొందరు పైకి ఎక్కుతారు, పైనుంచి కొందరు దిగుతారు. దిగితే టీవీ డబ్బులు పోతాయి, మంచి ఆటగాళ్ళు పోతారు, ఆఫీసులో, వంటగదిలో పనిచేసే వాళ్ళ ఉద్యోగాలకి కూడా గ్యారంటీ ఉండదు. ఈ సిరీస్‌లో అందరికన్నా గుర్తుండిపోయేది ఆ వంటగది ఆవిడే. ఆటగాళ్ళని కన్నబిడ్డల్లా తలుచుకుంటుంది.

స్టేడియం ఉన్న చోటు గురించి కూడా చెప్పాలి. అక్కడ మాంక్‌వేర్‌మత్ బొగ్గు గని ఉండేది. 1993లో మూసేశారు. 1997 కల్లా అదే నేల మీద స్టేడియం లేచింది. బయట గని కార్మికుల దీపం బొమ్మ పెట్టారు. ఓడలు కట్టే పని అంతకుముందే ఆగిపోయింది. మాది వేముల. మా మండలంలో తుమ్మలపల్లె యురేనియం గని ఉంది. గని ఉన్న ఊళ్ళో జనం దాన్ని తిట్టుకుంటూనే పొద్దస్తమానం దాని గురించే మాట్లాడతారు. సండర్‌లాండ్ వాళ్ళు జట్టు గురించి మాట్లాడే తీరు అచ్చం అంతే. అందుకే అక్కడి యాస సగం అర్థం కాకపోయినా మనుషులు అర్థమయ్యారు.

సిరీస్‌తో నాకొచ్చిన పేచీ జాక్ రాడ్వెల్ దగ్గర. జట్టు దిగినా అతని జీతం దిగదు. వారానికి 70,000 పౌండ్లని పత్రికలు రాశాయి. ఒప్పందం రద్దు చేసుకుని వెళ్ళిపొమ్మంటే ఒప్పుకోడు. సిరీస్ అతన్ని దాదాపు విలన్ని చేసేసింది. కానీ ఆ కాగితం మీద క్లబ్బు కూడా సంతకం పెట్టింది కదా! దిగిపోతే జీతం తగ్గాలన్న షరతు రాసుకోవాల్సింది ఎవరు? "కంపెనీ కష్టాల్లో ఉంది, నువ్వే అర్థం చేసుకోవాలి" అనే మాట విన్న ఐటీ వాళ్ళెవరికైనా ఆ సీన్లలో కొంచెం ఒళ్ళు మండాలి. యజమానుల్ని మాత్రం సిరీస్ చాలా మర్యాదగా వదిలేసింది.

ఇప్పుడు మన సంగతి. 2008 ఐపీఎల్‌లో డెక్కన్ ఛార్జర్స్ అందరికన్నా కింద. 2009లో ఛాంపియన్. ఎంత గొప్ప కథ అనుకున్నాం! నిజానికి ఆఖరి స్థానానికి అక్కడ ఏ శిక్షా లేదు, వచ్చే ఏడు మళ్ళీ అందరితో సమానంగా మొదలు. 2012లో ఆ జట్టునే ఎత్తేశారు. అదీ ఆటలో ఓడినందుకు కాదు, డబ్బు వ్యవహారాల్లో.

హైదరాబాద్ ఎఫ్‌సీ ఇంకా విచిత్రం. 2019లో పుట్టింది, 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. రెండేళ్ళు తిరిగేసరికి జీతాల బకాయిలు, ఆటగాళ్ళు వెళ్ళిపోవడాలు. 2023-24లో 22 మ్యాచ్‌లకి ఒకటే గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. అయినా దిగలేదు, ఎందుకంటే అప్పటికి ఐఎస్ఎల్‌లో దిగడానికి మెట్టే లేదు. 2025లో జట్టే ఢిల్లీకి వెళ్ళిపోయి పేరు మార్చుకుంది. గచ్చిబౌలి స్టేడియం మాత్రం ఇక్కడే ఉంది. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుది ఇదే ఊరు. రహీం సాబ్ మీద తీసిన 'మైదాన్' విడుదలైంది కూడా 2024 ఏప్రిల్‌లోనే, హైదరాబాద్ ఎఫ్‌సీ ఆఖరి స్థానంలో సీజన్ ముగించిన నెలలో. థియేటర్లో 1962 స్వర్ణానికి చప్పట్లు కొడుతుంటే బయట ఇదీ పరిస్థితి.

మన ఆటల సినిమాలు ఆఖరి బంతితో ముగుస్తాయి. 'జెర్సీ' కూడా గెలుపు అయ్యాకే ఏడిపిస్తుంది. ఓడి, ఆ ఓటమితో మళ్ళీ ఆగస్టులో చిన్న మైదానాలకి బస్సెక్కి వెళ్ళడం అనే కథ మనకి లేదు. రచయితలు రాయలేక కాదు, ఐపీఎల్ లాంటి లీగుల్లో ఆ ఘట్టమే లేదు కాబట్టి.

ఇంగ్లండ్‌లో అంతా న్యాయమే అని కాదు. వింబుల్డన్ క్లబ్బుని 2003లో మిల్టన్ కీన్స్‌కి తరలించారు. తేడా ఏమిటంటే, అభిమానులు అంతకుముందు ఏడాదే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత జట్టు పెట్టుకుని తొమ్మిదో మెట్టు నుంచి మొదలెట్టారు. 2011కల్లా నాలుగో డివిజన్‌కి ఎక్కేశారు. ఎక్కడానికి మెట్లున్నాయి కాబట్టి ఎక్కారు. ఢిల్లీకి పోయిన జట్టు బదులు మన కుర్రాళ్ళు అలాంటిది పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండో సీజన్‌లో కొత్త యజమానుల హడావుడి ఎక్కువ, స్టేడియంలో ఏ పాట వేయాలన్నదాని మీద కూడా మీటింగే. అది నవ్వొచ్చే భాగం, కావాలని తీశారో లేదో గానీ. 2024లో వచ్చిన మూడోది మూడే ఎపిసోడ్లు. 2022లో వికమ్‌ని ఓడించి మూడో డివిజన్ నుంచి బయటపడటం చూపిస్తుంది. బాగానే ఉంటుంది, తొందరగా మర్చిపోతాం. మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్లూ చూడండి, అదీ వరసగా. పాయింట్ల పట్టిక ముందే గూగుల్ చేసి చూసుకున్నా ఫర్వాలేదు. బర్టన్ మ్యాచ్ దగ్గర ఎలాగూ ఆశపడతారు.