కరెంటు స్తంభం మీద నాలుగు మాటలు

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కరెంటు స్తంభం మీద చదివాను: 'షుగర్ శాశ్వతంగా మాయం, గ్యారంటీ.' కర్త లేడు, క్రియ లేదు. అడగడానికి మనిషే దొరకడు. 1954 చట్టం మధుమేహం నయం చేస్తామనే ప్రకటనల్ని నిషేధించింది. 1959లో హమ్‌దర్ద్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటివి వాక్‌స్వాతంత్ర్యం కిందికే రావంది. 1995లో టాటా ప్రెస్ తీర్పు వ్యాపార ప్రకటనకూ ఆ హక్కుందంటూనే, మోసాన్ని కట్టడి చేయొచ్చంది. నాకు రెండోదే సబబనిపిస్తుంది. అమృతాంజనం అమ్మిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులే 'భారతి' పత్రిక పెట్టారు. మందు ప్రకటనల నోరు పూర్తిగా నొక్కమని ఎలా అంటాను? కానీ కథ కల్పితమని పాఠకుడికి ముందే తెలుసు. ఈ నాలుగు మాటలు నమ్మి ఇన్సులిన్ మానేసే రోగికి తెలీదు. గీత గీయాల్సింది అక్కడే.