అపరాధ పరిశోధక కథలును శంషాబాదును

అపరాధ పరిశోధక కథలను చిన్నచూపు చూచుట మన విమర్శకులకు చిరకాలముగ నలవాటు. రైలుబండిలో ప్రొద్దుపుచ్చుటకు మాత్రమే పనికివచ్చునవి యని కొందఱును, పిల్లల మతులు చెఱచునవి యని కొందఱును వానిని తీసివేయుదురు. మే మీ రెండభిప్రాయములతోడను ఏకీభవింపము. ఊరిలో నేరమెట్లు పుట్టును, దానిని కప్పిపుచ్చువారెవరు, వెలికిదీయువారెవరు, నడుమ నలిగిపోవువారెవరు అను ప్రశ్నలను సామాన్య పాఠకుని యెదుట ఇంత సూటిగ నుంచు రచనలు మఱి యేవి కలవు? కాని యీ పని నెఱవేర్చుటకు కథకు నిజమైన యూరు కావలయును. ఊరిపేరు మాత్రము చాలదు.

ఈ మాట యిప్పుడెత్తుటకు కారణము శంషాబాదు. 2008 మార్చి 23 నుండి హైదరాబాదు విమానములు బేగంపేటను విడిచి యిచ్చటికి చేరినవి. సుమారు 5,500 ఎకరముల నేలమీద విమానాశ్రయము వెలసినది. మఱుసటి యేట అక్టోబరులో మెహిదీపట్నమునుండి ఆరాంఘర్ వఱకు పొడవైన వంతెనదారి తెఱవబడెను. నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డును, బెంగుళూరు రహదారియు నిచ్చటనే కలిసికొనును. అంతట మన కథకులకును చలనచిత్రములవారికిని శంషాబాదు చేతికందిన రంగస్థలమయ్యెను. దొంగ బంగారము దిగవలసినచో శంషాబాదు; శవమును పాఱవేయవలసినచో శంషాబాదు; ప్రతినాయకుడు పరదేశమునకు పాఱిపోవలసినచో శంషాబాదు. అంతకుముందు అమ్మపల్లి రామాలయపు గోపురమును, కోనేటిని పల్లెటూరి పెండ్లిండ్లకును పాటలకును వాడుకొన్న కెమెరాయే యిప్పుడు చీకటిదారులవైపు మరలినది. నాడును నేడును శంషాబాదు వారికి వెనుక వ్రేలాడదీసిన తెరయే గాని యూరు కాలేదు.

ఊరు నెఱుగుట యనగా వీధుల పేరులు వల్లించుట యని కొందఱు భ్రమపడుదురు. వీధులదేమి, పటము చూచినను తెలియును. షెర్లాక్ హోమ్సు కథలు వ్రాయ మొదలిడిన నాటికి కోనన్ డాయిల్ లండను వాసి కాడు. తపాలాశాఖవారి పటమును ముందుంచుకొని పని గడుపుకొనెను. ఐనను 1887లో వెలువడిన యాతని తొలి హోమ్సు నవలలో హంతకుడు అద్దె గుఱ్ఱపుబండి తోలువాడు. మహానగరమున ఏ యింటిముందు ఎంతసేపు నిలిచియున్నను ఎవరును అనుమానింపని మనుష్యుడు వాడేయని గ్రహించుటకు పటము చాలదు. ఊరి బ్రతుకు తెలియవలెను. 1930ల తొలినాళ్ళలో వంగదేశమున శరదిందు బందోపాధ్యాయ వ్రాసిన ‘సత్యాన్వేషి’ కథ కలకత్తాలోని యొక మెస్సులో నడచును. పలు తావులనుండి ఉద్యోగములకై వచ్చిన మగవారు అద్దెగదులలో నివసించు ఇల్లది. ఎవని పూర్వచరిత్ర మెవనికిని తెలియదు, తెలిసికొనవలెనన్న కోరికయు నుండదు. ఆ కథలోని నేరము అట్టి యింటగాక మఱియెచ్చటను అంత సుళువుగ దాగజాలదు.

మన భాషలో 2019 జూనులో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ యను చిత్రము నెల్లూరు నాశ్రయించినది. రైలుపట్టాల ప్రక్క దొరకు గుర్తుతెలియని శవములు, చనిపోయినవారి సద్గతినిగూర్చి జనులకుగల నమ్మకములు, వేలిముద్రల దుర్వినియోగము అందలి కథకు మూలములు. హాస్యము పాలు కొంత హెచ్చినను, మన మూఢవిశ్వాసము నేరగానికి పెట్టుబడి యెట్లగునో ఆ చిత్రము చూపినంత స్పష్టముగ మన వేదికలమీది యుపన్యాసములనేకములు చూపలేదు.

ఇక హైదరాబాదునకు వత్తము. 2020 ఫిబ్రవరి 28న విడుదలైన శైలేష్ కొలను చిత్రము ‘హిట్: ది ఫస్ట్ కేస్’లో ఒక యువతి కారు ఔటర్ రింగు రోడ్డుమీద ఆగిపోవును, ఆమె యదృశ్యమగును. పరిశోధకుని మనోవ్యథయు, సాక్ష్యములను పరిశీలించు తీరును ఆ చిత్రమున శ్రద్ధతో చూపబడినవి. అందుకు మేము సంతసించితిమి. కాని ఆ రోడ్డును తీసివేసి మఱియొక యూరి నిర్జనమార్గమును పెట్టినను కథకు వచ్చు లోటు స్వల్పమని మాకు తోచినది. ఔటరు దారి తక్కిన దారులవంటిది కాదు. దానిపై ఎక్కుటకును దిగుటకును నియమితస్థానములు కలవు. పోయిన దూరమును బట్టి సుంకము. ఎక్కినచోటును దిగినచోటును లెక్కకు వచ్చునట్టి దారి చీకటిదైనను మూగది కాదు. ద్విచక్రవాహనముల నా ప్రధానమార్గము పైకి రానీయరు. ప్రక్కదారులలోను, సుంకపుగేట్ల దాపునను లారీలు గంటలకొలది నిలుచును. ఇవన్నియు తెలిసిన రచయితకు సగము కథ దారియే చెప్పును.

ఆ చిత్రము ప్రేక్షకుల యెదుటికి వచ్చుటకు మూడు నెలల ముందు ఆ దారి ప్రక్కనే నిజముగ నొక ఘోరము జరిగియుండెను. చిత్రమునకు దానితో ముడిపెట్టుట మా యుద్దేశము కాదు. 2019 నవంబరు 27వ తేదీ సాయంకాలమున ఒక యువ పశువైద్యురాలు తొండుపల్లి సుంకపుగేటు దాపున తన స్కూటరును నిలిపి అద్దెకారులో గచ్చిబౌలి వైపు వెళ్ళెను. రాత్రి తొమ్మిది గంటల ప్రాంతమున తిరిగివచ్చుసరికి స్కూటరు చక్రములో గాలి లేదు. చెల్లెలితో ఫోనులో మాటలాడెను. పిమ్మట ఆ ఫోను మూగవోయెను. మఱునాటి యుదయమున షాద్‌నగరు దాపున చటాన్‌పల్లి వద్ద వంతెన క్రింద దగ్ధమైన శరీరము కనుగొనబడెను. ఆమె పేరు వ్రాయుట చట్టవిరుద్ధము; వ్రాయవలసిన పనియు లేదు.

ఆ రాత్రి కుటుంబమువారు ఠాణాకు పోగా, ఆ స్థలము తమ సరిహద్దులోనిది కాదన్న మాట వినవలసివచ్చెనని వారు చెప్పిరి. ఫిర్యాదును నమోదు చేయుటలో జాప్యము చేసినందుకు ముగ్గురు పోలీసు ఉద్యోగులు సస్పెండయిరి. సరిహద్దుతో నిమిత్తము లేక ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు గైకొనవలెనను ‘జీరో ఎఫ్.ఐ.ఆర్.’ పద్ధతి అప్పటికే యున్నను, 2024 జులై 1న అమలులోనికి వచ్చిన క్రొత్త శిక్షాస్మృతి విధానములో గాని యది చట్టపు సెక్షనుగ నిలువలేదు. చక్రములో గాలి తీయుట, లారీల చాటు, రెండు ఠాణాల నడుమ గీత: ఈ మూడింటిని కథకుడు విడువక పట్టుకొన్నచో పాఠకునికి ఎవరినేమి యడుగవలెనో తెలియును. చీకటిని మాత్రమే వర్ణించినచో, చీకటిపడిన పిమ్మట ఆడపిల్లకు బయట పనియేమి యన్న ముసలి ప్రశ్నయే మిగులును.

ఆ ప్రశ్నయే ఆనాడును మిగిలినది. స్త్రీలు పాటింపవలసిన జాగ్రత్తలంటూ పోలీసులొక పట్టిక వెలువరించిరి. ఆర్టీసీ స్త్రీలకు రాత్రి 8 గంటల తరువాత పని వేయరాదని అప్పటి ముఖ్యమంత్రి సెలవిచ్చెను. నేరము పురుషులది, ఇల్లు కదలరాదన్న తీర్పు స్త్రీలకు.

డిసెంబరు 6వ తేదీ తెల్లవాఱకముందు నిందితులు నలుగురు చటాన్‌పల్లి వద్దనే పోలీసు కాల్పులలో మరణించిరి. మృతురాలి వస్తువులను వెలికిదీయుటకు వారిని కొనిపోగా, ఆయుధములు లాగికొని తిరుగబడిరని పోలీసువారు చెప్పిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. ఇచ్చట మేము సాహిత్యవిమర్శనుండి తొలగిపోవుచున్నామని పాఠకులు తలంపరాదు. పోలీసువారు చెప్పినదియు నొక కథయే. దానికి స్థలము కలదు, వేళ కలదు, పాత్రలు కలవు. ముగింపు మన చలనచిత్రములలో ఎన్నిమార్లు చూచితిమో లెక్కలేదు. చూచి చూచి అలవడిన ముగింపగుటచే నది నమ్మకమును ఇట్టే సంపాదించినది. సుప్రీముకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమీషను వారు ఆ స్థలమును స్వయముగ చూచి, సాక్షులను విచారించి వ్రాసిన నివేదిక 2022 మే నెలలో బయల్పడినది. పోలీసుల కథనము నమ్మదగినది కాదనియు, చంపవలెనను నుద్దేశముతోనే కాల్చిరనియు, నలుగురిలో ముగ్గురు మైనరులనియు కమీషను తేల్చెను. ఆ నివేదికను మన నేరకథకులలో ఎందఱు చదివిరో మాకు సందేహము. ఒక పొలమునందు ఎవరెచ్చట నిలిచిరి, తుపాకి ఎవరి చేతికెట్లు వచ్చును అను చిన్న ప్రశ్నలచేత పెద్ద కథ యెట్లు కూలునో తెలిసికొనుటకు అంతకు మించిన పాఠ్యగ్రంథము లేదు.

బంగారపు కథలను గూర్చి ఒక్క మాట చాలును. విమానాశ్రయపు కాపుదల కేంద్ర పారిశ్రామిక భద్రతా దళముది. దొంగ బంగారమును పట్టువారు కస్టమ్సువారు. పాసుపోర్టు చూచువారు ఇమ్మిగ్రేషనువారు. స్థానికపు ఠాణా వేఱు. మన కథలలో ఒక్క ఇన్‌స్పెక్టరే యీ నలుగురి పనియు ఒంటిచేత్తో చక్కబెట్టుచుండును!

ఆ పెట్టెలకంటె నేరమునకు ఎక్కువ చోటు నేలలో నున్నది. విమానములు రాకమునుపు జొన్న పండిన మడులు ‘వెంచర్’లైనవి. 1996 నాటి 111 సంఖ్యగల ప్రభుత్వోత్తర్వు గండిపేట, హిమాయత్‌సాగరు చెఱువుల రక్షణకై 84 గ్రామములలో కట్టడములను నిరోధించినది. అందు శంషాబాదు మండలపు గ్రామములును కలవు. ఇటు విలువ పెఱుగుట, అటు కట్టరాదనుట, నడుమ ఒకే ప్లాటును ఇరువురికమ్ము కాగితములు: అన్నదమ్ములు బద్ధశత్రువులగుటకు ఇంకేమి కావలయును?

గల్ఫుకు పోవువారిని సాగనంపుటకు కరీంనగరు, నిజామాబాదు జిల్లాల పల్లెలనుండి కుటుంబములు రాత్రివేళ ఈ విమానాశ్రయపు ద్వారముకడ దిగుచుండును. ఇంటిపనికి పోవు స్త్రీకి 30 సంవత్సరములు నిండియుండవలెనని నియమము పెట్టగా కాగితములలో వయస్సు పెఱిగినది, లేదా సందర్శక వీసా చేతికి వచ్చినది. 1991లో హైదరాబాదు నుండి ఢిల్లీకి పోవు విమానమున ఒక వృద్ధ అరబ్బు ప్రక్కన కూర్చుండి యేడ్చుచున్న బాలికను చూచి, ఆమెను వివాహము పేర కొనిపోవుచున్నారని కనిపెట్టినది పోలీసు కాదు, గూఢచారి కాదు. విమానములో పని చేయు నొక యువతి. అడుగవలెనని తోచి యడిగినది.

విమానాశ్రయము రాత్రింబవళ్ళు నడచునది. నేల తుడుచువారు, వంటశాలలలో పని చేయువారు, అంగళ్ళలో నిలుచువారు: వీరిలో స్త్రీలనేకులు. అపరాత్రివేళ పని దిగి బస్సుకై నిలుచు వీరికి ఏ దీపము వెలుగదో, ఏ లారీ ప్రతిదినమును అచ్చటనే నిలుచునో తెలియును. మా కంటబడిన కథలలో ఏ పరిశోధకుడును ఇంతవఱకు వీరి సాక్ష్యమడుగలేదు.